నిండు ఫింజాన్

ఒమాన్‌లో, రూవి వెళ్లే బస్సులో దేవదాసు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకొని పక్కవాడు తన సంచీని అతని ఒడిలో పెట్టాడు. ఆఖరి స్టాపులో డ్రైవరు తట్టి లేపబోతే శవం ముందుకు ఒరిగింది. మెడ వెనుక సూది గాటు. కె.జి.బి. పని.

మరునాడు ఉదయం అల్ ఖువైర్‌లో, ఒక ఎగుమతి కంపెనీ బోర్డు వెనుక, భారత గూఢచారుల దళపతి రఘుపతి తన ఏజెంట్ వీరబ్రహ్మాన్ని పిలిపించాడు.

"దేవదాసును అమ్మినోళ్లు మన దళంలనే ఉన్నరు. ఆ పేరు కె.జి.బి. నుంచి పారిపోయొచ్చిన కర్నల్ ఓర్లోవ్‌కే ఎర్క. విమానం ఎక్కినంకనే చెప్తడట. సాయంత్రం దాక ఆయనను పాణంతో ఉంచు."

"ఉంచలేకపోతే సార్?"

"రేపు బస్సుల నువ్వు నిద్రపోతవ్."

ఓర్లోవ్‌కు ఆశ్రయం ఏర్పాటు చేసింది సఫియా. హైదరాబాదీ అందగత్తె, మాస్కోకు విధేయురాలిగా నటిస్తూ ఢిల్లీకి పనిచేసే డబుల్ ఏజెంట్. వీరబ్రహ్మం వెళ్లేసరికి ఒక ఒమానీ వర్తకుడి మజ్లిస్‌లో, అతిథుల గది తివాచీ మీద, అరబ్బు వేషంలో కర్నల్ కూర్చున్నాడు. అతని తెలుగు మాస్కోలో వ్యాకరణ గ్రంథాల నుండి నేర్చినది.

"శీతల దేశమున చంపుట నేర్చితిని. ఉష్ణ దేశమున దాగుట నేర్చుచున్నాను."

గడ్డపు సేవకుడొకడు ఖహ్వా, అంటే అరబ్బు కాఫీ, కూజాతో వచ్చాడు.

"మనోడే భాయ్" అంది సఫియా. "ఈ ఇంట్లనే పుట్టిండు. చిన్నప్పటి సంది ఇదే డ్యూటీ."

సేవకుడు పిడిలేని చిన్న కప్పును, ఫింజాన్‌ను, అంచుదాకా నింపి ఓర్లోవ్‌కు అందించాడు. అది పెదవులను తాకబోతుండగా వీరబ్రహ్మం చేయి అడ్డుపెట్టాడు.

ఒమానీల ఇంట అతిథికి ఖహ్వా అడుగున కొంచెమే పోస్తారు. మళ్లీ మళ్లీ పోయడమే మర్యాద. నిండా పోస్తే, తాగి లేచిపొమ్మని చెప్పినట్టే. ఈ ఇంట పుట్టినవాడు చేయదగిన పొరపాటు కాదది.

"ఉండు సామీ." ఫింజాన్‌ను సఫియా వైపు తిప్పాడు. "నువ్వు తాగు."

"క్యా భాయ్, నా మీదనే శక్కా?"

"శక్కేం లేదు. దప్పిగ్గొన్నట్టుండావు. తాగు."

ఆమె చూపు ఒక్కసారి సేవకుడి మీదికి పరుగెత్తింది. అది చాలు. సేవకుడి చేయి నడుమునున్న కత్తిని చేరేలోగా వీరబ్రహ్మం సైలెన్సర్ పిస్టల్ మెల్లగా దగ్గింది. వాడు కూజా మీద కూలాడు.

"దేవదాసు నీ చేతి కూడు తిన్నోడు" అన్నాడు వీరబ్రహ్మం, పిస్టల్‌ను ఆమె నుదుటికి ఆనించి. "ఇదా, ఖహ్వానా? నీ ఇష్టం."

"అరెస్టు చెయ్ భాయ్! అన్నీ చెప్త!"

"చెప్పేదానికి ఆయప్ప ఉండాడు."

"మారుపేరే ఎరుగుదును, ముఖమెరుగను. ఇప్పుడు తెలిసినది, ఈమెయే" అన్నాడు ఓర్లోవ్, ప్రశాంతంగా.

సఫియా తాగింది. హాలాహలం మింగి నిలిచిన వేలుపు ఒక్కడే. మనుషులకు ఆ వరం లేదు. గోళ్లతో తివాచీని చీలుస్తూ చాలాసేపు పోరాడి కదలిక మానింది. వీరబ్రహ్మం చివరిదాకా చూశాడు, ముఖం తిప్పుకోలేదు.

ఓర్లోవ్ వంగి సేవకుడి అతుకుగడ్డం ఊడబెరికి, ఆ ముఖాన్ని గుర్తుపట్టాడు.

"నా శిష్యుడే" అన్నాడు నిట్టూర్చి. "మోతాదు నేనే బోధించితిని. మర్యాద బోధించుట మరచితిని."