గుమ్మడికాయలతో తిరిగొచ్చిన పల్పర్

నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం. ఆ పొద్దున తిన్నది అడుగంటిన ఉప్మా అని లక్ష్మీప్రసాద్‌కి ఇప్పటికీ గుర్తు. మాడిన పెచ్చంటే ఆయన భార్య భారతికి ఇష్టం. ఆమె పోయాక దాన్ని ఆయనే గీకి తింటున్నాడు.

"మధ్యాహ్నం లిక్విడేటరు గారు వస్తున్నారు నాన్నా," అంది కూతురు హారిక.

అరకులో ఆమె డైరెక్టరుగా నడిపిన కాఫీ కంపెనీ నష్టాలతో మూతపడింది. మిగిలిన సామాన్లు అమ్మి అప్పులవాళ్లకు పంచే అధికారి ఆయన.

"రానీ. అన్నీ గోడౌన్‌లోనే ఉన్నాయిగా?"

"పల్పర్ లేదు. సోములమ్మ వాళ్ల ఊరికి ఇచ్చాను."

కాఫీ పళ్ల తొక్క తీసే యంత్రం అది; సోములమ్మ వాళ్లు కంపెనీకి కాఫీ అమ్మిన రైతులు. లక్ష్మీప్రసాద్ చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"మూసెయ్యమని ఆర్డరొచ్చాక. పళ్లు పండి రాలిపోతుంటే చూస్తూ కూర్చోనా?"

"మూతపడిన కంపెనీ సొత్తు డైరెక్టరు దాటిస్తే నేరం తల్లీ! సొంత డబ్బుతో కట్టిస్తారు. ఇంకో కంపెనీ పెట్టనివ్వరు. పాత ఇనుముకి వేశామని చెప్పు."

"ఇచ్చింది నేను. ఇచ్చాననే చెబుతాను. తిరిగిమ్మని నిన్ననే కబురు పెట్టాను."

"పంటవేళ ఎవరిస్తారే? ఒక్క అబద్ధంతో పోయేదానికి..."

"అమ్మ ఉంటే ఆ మాట అనేవాడివా?"

ఆయన పళ్లెం పక్కకు నెట్టేశాడు.

మధ్యాహ్నం వచ్చిన లిక్విడేటరు హరీష్ కుర్రవాడే. అతను అడక్కముందే హారిక అంతా చెప్పేసింది.

"మేడమ్, ఇది నేను రిపోర్టులో రాయక తప్పదు," అన్నాడతను ఇబ్బందిగా.

అప్పుడే వీధిలో డప్పు వినిపించింది. వెదురు బొంగులకు కట్టిన పల్పర్‌ని భుజాల మీద మోసుకుంటూ ఆడవాళ్లు వస్తున్నారు. ముందు సోములమ్మ.

"ఏటి బాబూ, అలా సూత్తన్నారు? బేగి పట్టండి, బరువు!"

దించి చూస్తే, పళ్లు పోసే తొట్టి నిండా గుమ్మడికాయలు, రాజ్మా, అల్లం.

"ఇవెందుకు సోములమ్మా?" అన్నాడు లక్ష్మీప్రసాద్.

"అరువు తెచ్చుకున్నది ఉత్తినే తిరిగిత్తామా బాబూ? మా ఊర్లో అలా సెయ్యం. కబురందగానే పిల్లా జెల్లా కూకుని పళ్లన్నీ ఆడించేసినాం."

హరీష్ నవ్వేశాడు. "గుమ్మడికాయలు కంపెనీ ఆస్తి కాదు, అవి రాసుకోను. యంత్రం ఇచ్చారు, మీరే చెప్పారు, తిరిగొచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తాను. కేసు పెట్టాలని నేనైతే అడగను. ఇక దీన్ని వేలం వేస్తాం."

"వేలమా? అయితే మా ఆడోళ్ల సంఘమే పాడుకుంటాది. ముందే సెప్తే మొయ్యకపోదుం గదా!"

అందరూ గొల్లుమన్నారు. లక్ష్మీప్రసాద్‌కి మాత్రం కళ్లు నిండాయి. పాత ఇనుముకి వేశామని చెప్పి ఉంటే, డప్పుతో వచ్చిన ఈ ఆడవాళ్ల ముందే బిడ్డ దొంగగా నిలబడేది. ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"పొద్దున నా మాట విననందుకు బతికిపోయాం తల్లీ."

"ఉప్మా మాడ్చినందుకు కూడా మెచ్చుకో నాన్నా," అంది హారిక, కళ్లు తుడుచుకుంటూ.

వాళ్ల ఊరికెళ్లే ఆఖరి జీపు అప్పటికే వెళ్లిపోయింది. గుమ్మడికాయ కూరతో అన్నాలు తిని సోములమ్మ వాళ్లు ముందుగదిలోనే పడుకున్నారు, వాళ్ల మధ్య హారిక. బయట మంచు దిగుతోంది. లక్ష్మీప్రసాద్ ఒకసారి అందరినీ చూసి, చప్పుడు కాకుండా తలుపు చేరవేశాడు.