గచ్చు దంచే చప్పుడు

కర్నూలుకు రాజధాని వచ్చిన మరుసటి ఎండాకాలం మేము సొంత ఇంట్లోకి దిగాము. ఊళ్లో అప్పుడు అద్దె ఇల్లు దొరకడం గగనంగా ఉండేది. ఆఫీసుల గుమాస్తాలు సత్రాల్లో, డేరాల్లో, తెలిసినవాళ్ల వసారాల్లో కాపురాలు చేస్తుండేవాళ్లు. మా ఆయన గాబ్రియేలు అట్లాంటి గుమాస్తాల్లో ఒకడు. నేను బడిలో పంతులమ్మను. ఆలూరు దగ్గర మా నాయన నా పేర పెట్టిపోయిన నల్లరేగడి చేను అమ్మేసి, హంద్రి ఏటి అవతల నరసన్న అనే కంట్రాక్టరు కట్టిన వరుస ఇళ్లలో చివరి ఇల్లు కొన్నాము.

ఇంటికి వేసిన సున్నం తెల్లగా మెరిసిపోతుండేది. ఆ మెరుపు చూసే మోసపోయాము. చేరిన వారానికే వాకిలి తలుపు మూసుకోకుండా మొరాయించింది. గోడకు ఏసు పటం తగిలిద్దామని మా ఆయన మేకు కొడితే, మేకుతోబాటు గుప్పెడు మట్టి రాలి కిందపడింది. వేలు పెట్టి చూస్తే పైన సున్నం పూత, లోపల ఉత్త బంకమట్టి. కిటికీ చట్రం చేత్తో పట్టుకుంటే ఊగేది.

"కొత్త ఇల్లు గదా, సర్దుకుంటాది లేమ్మా," అన్నాడు నరసన్న.

ఇల్లు సర్దుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అయినా ఊరుకున్నాను.

మే నెలలో బడికి సెలవులిచ్చారు. కర్నూలు ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వీధిలో కుక్క కూడా కనపడదు. మా ఆయన ఆఫీసుకు పోయాక తలుపులన్నీ బిగించి, కిటికీకి తడి గోనెపట్టా కట్టి, చీకటి చేసుకుని నడింట్లో పడుకునేదాన్ని. ఆ చీకట్లో ఒకరోజు చప్పుడు వినిపించింది.

టప్... టప్... టప్...

మిద్దె మీద ఎవరో గచ్చు దంచుతున్నారు. మా నాయన మిద్దె వేయించినప్పుడు చిన్నతనంలో విన్న చప్పుడే అది. ఆడకూలీలు వరుసగా గొంతుక్కూచుని చెక్కలతో సున్నాన్ని కొట్టి కొట్టి గట్టిపరిచేవాళ్లు. ఇప్పుడు వినిపిస్తున్నది మాత్రం ఒక్కరే కొడుతున్న చప్పుడు. కాసేపు కొట్టడం, ఆగడం, కొంచెం పక్కకు జరగడం, మళ్లీ కొట్టడం. దాని వెంటనే తడి సున్నం వాసన, నమిలిన ఆకూ పొగాకూ వాసన ఇల్లంతా నిండిపోయాయి.

నరసన్న కూలీలను పంపించాడేమో, నా మొత్తుకోలు విన్నాడేమో అనుకున్నాను. సంతోషంగా నిచ్చెన వేసుకుని పైకెక్కాను.

ఎవరూ లేరు.

అరికాళ్లు కాలిపోతున్నాయి. గచ్చు ఉండాల్సిన చోట పొడిమట్టి పరిచి, పైన సున్నపునీళ్లు చల్లి వదిలేశారు. మడమతో గీస్తే బేతంచెర్ల నాపబండ బయటపడింది. బండకూ ఆకాశానికీ మధ్య ఉన్నది ఆ పిడికెడు మట్టే. నా చేను అమ్మి కొనుక్కున్న మిద్దె ఇదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చూశాను. మిద్దె నడిమధ్యన ఒకచోట మట్టి తడిగా ఉంది. ఒక మనిషి గొంతుక్కూచుంటే ఎంత మేర పడుతుందో అంత తడి. చెయ్యి పెట్టాను. బావి అడుగున ఉన్న మట్టిలాగా చల్లగా తగిలింది. ఆ ఎండలో అది ఆరడం లేదు.

గబగబా నిచ్చెన మెట్లు దిగుతున్నాను. సగం దిగానో లేదో... నా తలపైన...

టప్.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం అదే వరస. మా ఆయన మొదట నవ్వాడు. ఆదివారం ఏసు గుడినుంచి వచ్చి భోంచేస్తుంటే ఆయనకూ వినిపించింది. పైనుంచి రాలిన మట్టి ఆయన అన్నంలో పడింది. కంచం పక్కకు తోసి లేచి నిలబడ్డాడు. 

"ఈ ఇల్లు మనకొద్దు ప్రేమా. సామాన్లు సర్దు."

"సర్దుకుని ఎక్కడికి పోదామండీ? చేను పోయింది. ఉన్నదంతా ఈ నాలుగు గోడల్లోనే ఉంది."

"ప్రాణం ఉంటే చాలు."

"పోవాలనుకుంటే మీరు పోండి. నేను కదలను," అన్నాను. ఆయన పోలేదు. మంచం మాత్రం వాకిట్లో వేసుకున్నాడు.

మరునాడు పక్కింటి మదార్ బీ పిట్టగోడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి పిలిచింది. ఆమె భర్త బండ్లకు చక్రాలు చేసే పనివాడు. వరుసలో మాకంటే ముందు దిగినవాళ్లు.

"అక్కా, మిద్దెక్కినావంట గదా! ఇంకెప్పుడూ ఎక్కొద్దు. ఆ చప్పుడు మాకు గూడా వినపడతాది. వరుసలో అందరికీ వినపడతాది. ఎవరూ నోరు తెరవరు అంతే."

"ఎవరది మదార్ బీ?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గురమ్మ. గచ్చు కొట్టే కూలామె. పోయిన కార్తీకంలో మీ మిద్దె మిందనే కొడతాంటే బండ ఇరిగింది. శానా పల్చటి బండ అక్కా, ఓటిది. కింద ఇనుపసామాను కుప్పేసింటిరి. గురమ్మ దాని మింద పడి సచ్చిపోయింది. పొద్దు గూకేలోపల ఇంకో బండ పరిచి మట్టి కప్పేసినారు. మర్సనాటి నుంచి ఒక్క కూలోళ్లు రాలేదు. ఇంగ గచ్చు యాడిది? మన ఇండ్లకు దేనికీ గచ్చు లేదు."

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. భయం పోలేదు. కానీ దాని పక్కనే కోపం కూడా వచ్చి కూచుంది. పైన కొడుతున్నది చచ్చిపోయిన మనిషి. చచ్చిపోయినా ఆమె తన పని తాను చేస్తోంది. బతికున్నవాడు చెయ్యలేదు.

నరసన్న ఊరి చివర ఇంకో వరుస కట్టిస్తున్నాడు. పనివాళ్లందరూ చూస్తుండగానే పోయి అడిగాను. అతను తల రుమాలు విప్పి ముఖం తుడుచుకుంటూ నవ్వాడు.

"సదువుకున్నదానివి, దెయ్యం అంటాండావేందమ్మా? అంత భయమైతే శాంతి చేయించుకో. లేదంటే ఇల్లు నాకే ఇచ్చేసి పో. ఎవరో ఒకరు కొంటారు."

"శాంతి కావాల్సింది నాకు కాదప్పా. గురమ్మకు."

ఆ పేరు వినగానే ఇటుకలు మోస్తున్న ఆడవాళ్లు ఆగిపోయారు. నరసన్న నవ్వు కూడా ఆగిపోయింది.

"రేపు మధ్యాన్నం వచ్చి మా నడింట్లో కూచో," అన్నాను. "చప్పుడు రాకపోతే ఇల్లు నీకే వదిలేసి పోతా. వస్తే మా వరుస మిద్దెలన్నిటికీ గచ్చు చేయించాల. ఇంతమంది ముందర చెప్పు, వస్తావా రావా?"

రానని అంటే పరువు పోతుంది. "వస్తాలే," అన్నాడు.

వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, నడింట్లో కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని బీడీ ముట్టించాడు. మా ఆయన గడపలో నిలబడ్డాడు. ఆయన వెనక మదార్ బీ, వరుసలోని ఆడవాళ్లు కొందరు ఉన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

చాలాసేపు ఏమీ లేదు. నరసన్న నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

అంతలో బయట గాలి లేచింది. హంద్రి ఇసుకంతా ఎత్తుకొచ్చిందేమో అన్నట్టు ఆకాశం ఎర్రబడి, ఆ వెంటనే నల్లబడింది. మిట్టమధ్యాహ్నం ఇంట్లో దీపం పెట్టుకోవాల్సినంత చీకటి కమ్ముకుంది. తడి సున్నం వాసన... ఆకూ పొగాకూ వాసన...

టప్.

"కోతులు," అన్నాడు నరసన్న.

టప్... టప్... మూలనుంచి మొదలైంది. కొట్టడం... ఆగడం... జరగడం. దూలం దాటింది. గది మధ్యకు వస్తోంది. నరసన్న చొక్కా మీద మట్టి రాలింది. దులుపుకున్నాడు. మళ్లీ రాలింది. ఈసారి దులుపుకోలేదు. సరిగ్గా అతని నెత్తిమీదికి వచ్చి...

ఆగింది.

గాలి కూడా ఆగింది. అప్పుడు గొంతు వినిపించింది. అలసిపోయిన ఆడమనిషి గొంతు. కోపం లేదు. అంత దగ్గరగా... బండకు నోరు ఆనించి మాట్లాడినట్టు...

"అప్పా... బండ కదుల్తాండాది... దిగేదా?"

నరసన్న వేళ్లలోంచి బీడీ జారిపడింది. 

"దిగేదా అప్పా?"

 నేను గోడ వదిలి ముందుకు వచ్చాను. "అడుగుతాంది గదా నరసన్నా," అని గుసగుసగా అన్నాను. "ఆ పొద్దు కూడా ఇట్లే అడిగిందా?"

అతను తల ఊపాడు.

"ఏం చెప్పినావు?"

"ఏం... ఏం గాదు, కొట్టు... అన్నా."

"ఇప్పుడు చెప్పు."

అతను పైకి చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, గొంతు చిరిగిపోయేటట్టు అరిచాడు. "దిగు! దిగమ్మా, దిగిపో!"

 తర్వాత సన్నగా... టక్... అని ఒక పగులు. నేను అతని రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. బండ విరిగి కుర్చీ మీద పడింది. ఒక ముక్క అతని పాదం మీద పడింది. మట్టి, దుమ్ము, అతని కేకలు. దుమ్ము అణిగాక పైకి చూస్తే కప్పులో పెద్ద బొక్క, దానిలోంచి ఎర్రటి ఆకాశం కనిపించాయి. అంతకుమించి ఏమీ లేదు.

నేను ఆ బొక్క కింద నిలబడి తలెత్తి గట్టిగానే చెప్పాను.

"గురమ్మా, ఇంక కొట్టొద్దు. పని నేను పూర్తి చేయిస్తా. కానీ ఇది నా ఇల్లు. నేను యాడికీ పోను."

నరసన్న మాట తప్పలేదు. కట్టు కట్టిన కాలితో, చంకలో కర్రతో వచ్చి నిలబడి వరుస మొత్తానికి మంచి బండలు మార్పించాడు. సున్నం నానబెట్టించాడు. కూలి ఆడవాళ్లు మా మిద్దె ఎక్కడానికి జంకితే, నేనే ముందు ఎక్కి చెక్క తీసుకుని కూచున్నాను. నన్ను చూసి మదార్ బీ ఎక్కింది. తర్వాత వాళ్లూ ఎక్కారు. అందరం కలిసి పొద్దు గూకేదాకా దంచాము. నా అరచేతుల్లో పొక్కులు లేచాయి. ఆ మంటంత హాయి నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ప్రశాంతంగా గడిచాయి. వానలు వచ్చాయి. ఒక్క చుక్క కారలేదు. మా ఆయన మంచం లోపలికి తెచ్చుకున్నాడు.

శ్రావణంలో ఒక పొద్దున పొయ్యి ముందు కూచుని గంజి వారుస్తున్నాను. అరికాళ్ల కింద ఏదో కదిలినట్టయింది. గిన్నె దించి చెవి పెట్టి విన్నాను. నేలబండ కింద... ఎవరో గోళ్లతో గీకుతున్నట్టు... నెమ్మదిగా, ఆగి ఆగి...

ఇది గురమ్మ కాదు. గురమ్మ దిగిపోయింది.

తడి చేతులతోనే నరసన్న ఇంటికి పోయాను. అరుగు మీద కాలు చాపుకుని కూచుని ఉన్నాడు.

"నేల కింద నుంచి చప్పుడు వస్తాంది నరసన్నా."

ఏం చప్పుడని అతను అడగలేదు. నా ముఖంలోకి చూడలేదు. చేతిలో ఉన్న లోటా కింద పెట్టి మెల్లగా అడిగాడు.

"వంటింట్లోనేనా?"

నేను ఏ గదో ఇంకా చెప్పలేదు.

"గడ్డపార ఇయ్యప్పా," అన్నాను.

"వద్దు ప్రేమమ్మా. నీ కాళ్లు మొక్కుతా. ఆ బండ కిందిది మాత్రం బయటికి తియ్యొద్దు. ఇంకో ఇల్లిస్తా..."

"నా ఇల్లుండగా ఇంకో ఇల్లు నాకెందుకు?"

అతను ఇవ్వలేదు. మదార్ బీ ఇంట్లో అడిగి తెచ్చుకున్నాను. తలుపులన్నీ బార్లా తెరిచాను. వంటింట్లో వెలుతురు బాగా పడుతోంది. పొయ్యి పక్కన రెండు బండల సందున గడ్డపార మొన పెట్టి, కాలు తన్ని పట్టి, బలమంతా పెట్టి ఎత్తాను. బండ కదల్లేదు. మళ్లీ ఎత్తాను.

కింద గీకుడు ఆగింది.

తర్వాత... నేను ఎత్తకముందే... అటువైపు నుంచి ఎవరో ఆ బండను మెల్లగా పైకి తోశారు.