నాలుగు వందల పదిహేడో చప్పుడు

కుళ్ళాయప్ప రాగి వల గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని, మేడ మీది డిష్‌ను అర డిగ్రీ పడమటికి వంచుతున్నాడు. గది అనేది పేరుకే. ఒక మనిషి, ఒక కంప్యూటర్ పట్టేంత పంజరం. నాలుగు వైపులా, పైనా కిందా రాగి వలే. కంప్యూటర్‌లో పుట్టే రేడియో రొద బయటికి పోయి డిష్‌లో పడకూడదని తన చేత్తోనే అల్లుకున్నాడు. తలుపు వేసుకుంటే ఫోన్ కూడా మోగదు. ముప్పై ఏళ్లు బోరు మోటార్లకు కాయిళ్లు చుట్టిన చేయి అది. ఒక్క చుట్టు తేడా వచ్చినా మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టే చేయి. చదువంటారా, అంకెలు, సంతకం, అంతే. మిగతాది నోటితో చెబితే కంప్యూటర్ రాసుకుంటుంది.

'నింగిచెవి' అని ఒక వెబ్‌సైట్ ఉంది. డెబ్భై దేశాల్లో మేడల మీదా పెరళ్లలోనూ డిష్‌లు పెట్టుకుని సరదాకొద్దీ ఆకాశాన్ని వినేవాళ్లంతా అందులో సభ్యులు. దానికి ప్రాణం 'జల్లెడ' అనే ప్రోగ్రామ్. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగం చాలా సన్నం. పక్కింట్లో మిక్సీ తిప్పినా అందులో మునిగిపోతుంది. అందుకని ప్రతి సభ్యుడూ తన ఊరి రొదలను ఒక్కొక్కటే గుర్తుపట్టి, ఇది ఫలానావాళ్ల మోటారు అని పట్టీలో ఎక్కిస్తాడు. పట్టీకెక్కిన రొద ప్రపంచంలో ఏ డిష్‌లో పడినా జల్లెడ తీసి పారేస్తుంది. తీసినదాన్ని దాచి ఉంచదు కూడా. మిగిలిందే ఆకాశం, అదే హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది.

పట్టీలో ఆరు వందల రొదలు కుళ్ళాయప్ప ఎక్కించినవే. దాని రూళ్లు కూడా సగం ఆయన పోట్లాడి పెట్టించినవే. అయినా ఆయనకు తృప్తి లేదు. ఆకాశంలో కొత్తది దొరికితే కనిపెట్టినవాళ్ల పేరే దానికి పెట్టి రాసుకునే వరుస ఒకటుంది నింగిచెవిలో. నలభై ఒక్క పేర్లు. నలభై రెండోది తనది కావాలి. పన్నెండేళ్లుగా ఆ పంజరంలో కూర్చున్నది అందుకే.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు ఎవరో వల మీద వేలితో తట్టారు. జల్లెడను తయారుచేసిన డాక్టర్ హిమజ. అన్నేళ్లూ గొంతు వినడమే గాని మనిషిని చూడడం అదే మొదలు.

ఆమె గడపలోనే స్టూలు వేసుకుని కూర్చుంది. "నాలుగు వందల పదిహేడో చప్పుడు గుర్తుందా, పెద్దాయనా?"

"సుంకన్న పిండిమర. గుర్తు లేకేమమ్మా."

ఎలా మరుస్తాడు? ఇరవై ఏళ్ల కింద ఈయన చుట్టిన మర మోటారు కాలిపోతే, పక్కింటి సుంకన్న పిండికొచ్చిన పదిమంది ముందర "కుళ్ళాయప్ప చుట్ల లెక్క తప్పినాడు" అన్నాడు. అని ఊరుకోకుండా మోటారును గుత్తికి మోసుకుపోయి చుట్టించుకున్నాడు. రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే. ఆ రోజు నుంచి మాటలు లేవు. తర్వాత ఎనిమిదేళ్లకు హెడ్‌ఫోన్‌లో కొత్త గరగర ఒకటి తగిలింది. మూడు పొడుగు, ఒకటి పొట్టి. తొమ్మిది రోజులు విని, అది సుంకన్న మరదేనని పట్టీకెక్కించాడు. ఆ పట్టీనే చేతబట్టుకుని అర్జీల మీద అర్జీలు పెట్టి, నాలుగేళ్ల కింద మరకు కరెంటు కూడా తీయించాడు.

హిమజ ఫోన్‌లో చూసి చదివింది. "'పొద్దున ఆరు నలభైకి మొదలు. మరుసటి రోజు ఆరు ముప్పై ఆరుకు. ఆ మరుసటి రోజు ఆరు ముప్పై రెండుకు. రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరుపుతున్నాడు. నా మీద పంతంతోనే.' మీరు చెప్పిన మాటలే గదా?"

"నేనే చెప్పినా. వాని గుణం అంతే."

"మర ఆగిపోయింది గదా. నిన్న జల్లెడ ఈ చప్పుడును నమీబియాలో తీసేసింది. మొన్న పెరూలో. సుంకన్న గారి మర అంత దూరం ఎట్లా వినిపిస్తుంది?"

నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా పొడుస్తాయి. నింగిచెవిలో చేరిన ప్రతి కొత్త సభ్యుడికీ మొదటి రోజు ఆ సంగతి నేర్పేది కుళ్ళాయప్పే.

"ఆకాశంలో ఎవరు పుట్టిస్తున్నారో, తనకు తానే పుడుతోందో తెలీదు," అంది హిమజ. "చప్పుడు దాచకపోయినా, ఎంత గట్టిగా వచ్చిందో జల్లెడ అంకె రాసుకుంటుంది గదా, ఏటేటా సన్నబడిపోతోంది. లెక్క ప్రకారం ఇంకో నలభై రోజులే వినిపిస్తుంది. పన్నెండేళ్లుగా వచ్చింది వచ్చినట్టు పారేశాం."

"అయితే తీసెయ్ పట్టీలోనుంచి."

"నా చేతిలో లేదు. రొద ఎవరిదని రాశామో వాళ్లే వచ్చి, నాది కాదని సొంత గొంతుతో చెప్పాలి. మీరు పెట్టించిన రూలే."

ఆయన కుర్చీ ఆమె వైపుకు తిప్పుకున్నాడు. "వరుసలో దానికి ఎవరి పేరు పడుతుంది?"

"పట్టీలో ఒకసారి ఎక్కిన పేరే వరుసలోకీ పోతుంది, మార్చకూడదు. అదీ మీ రూలే."

"నేను నోరు మెదపకపోతే?"

"నేను బలవంతం చేయను. నలభై రోజులూ అయిపోతాయి, అంతే."

"ఇప్పుడు అది ఎన్నింటికొస్తుంది?"

"పన్నెండు ఇరవైకి."

కుళ్ళాయప్ప డిష్‌ను ఆమె చెప్పిన వైపుకు తిప్పి, జల్లెడకు పోయే వైరు పీకి, హెడ్‌ఫోన్‌ను నేరుగా రిసీవర్‌కు తగిలించాడు. ఊరి రొదంతా ఒక్కసారి చెవుల్లో పడింది. పన్నెండు ఇరవైకి ఆ రొద అడుగున, మూడు పొడుగు, ఒకటి పొట్టి. ఆయనకు తెలిసిన ఏ మోటారూ అట్లా తిరగదు. మోటార్ల సంగతి ఆయనకు కాక ఎవరికి తెలుసు? ఆనాడే తెలిసి ఉండాల్సింది.

హెడ్‌ఫోన్ తీసి, చొక్కా వేసుకుని, బయటికి నడిచాడు. హిమజ ఫోన్ పట్టుకుని వెంట వచ్చింది.

తాళం పడిన మర ముందు, అరుగు మీద కూర్చుని సుంకన్న కందులు ఏరుతున్నాడు. తల ఎత్తాడు. "ఏమప్పా, దావ తప్పినావా?"

"ఆ చప్పుడు నీ మరది కాదంట."

"ఆ మాట నేను పన్నెండేండ్లుగా చెప్తానే ఉండా. పంచాయతీలో చెప్పినా. కరెంటోళ్ల కాళ్లు పట్టుకుని చెప్పినా." సుంకన్న చేతిలో రాయిని అవతలకు విసిరాడు. "మరి ఎవురిదంట?"

కుళ్ళాయప్ప వేలు పైకి చూపించాడు.

సుంకన్న ఆకాశం వైపు చూశాడు, కుళ్ళాయప్ప వైపు చూశాడు. "నా మరను ఆడికి ఎక్కిచ్చినావా?"

"ఈ ఫోన్‌లో చెప్పు. అది నాది కాదు అని. ఆ ఒక్క మాట చాలు."

"చెప్తా. ముందు నువ్వు చెప్పు. నీ మరను ఉత్తపుణ్యానికి మూయించినా అని."

కుళ్ళాయప్ప పట్టీకి రాయించేటప్పటి లాగే ముక్క ముక్కగా, గట్టిగా చెప్పాడు. సుంకన్న పూర్తిగా విని, ఫోన్ అందుకుని తన మాట తాను చెప్పాడు. ఫోన్ తిరిగిచ్చేస్తూ, "కాయిల్ మాత్రం నువ్వు సరిగా చుట్టలేదు. ఆ మాట నేను వెనక్కి తీసుకునేది లేదు," అన్నాడు.

సాయంత్రానికల్లా నింగిచెవిలో నలభై రెండో పేరు చేరింది. డెబ్భై దేశాల వాళ్లు, నోరు తిరగకపోయినా కూడబలుక్కుని, సుంకన్న పిండిమర, సుంకన్న పిండిమర అంటున్నారు. డిష్‌లన్నీ అటే తిరిగాయి. మరకు కరెంటు మాత్రం ఇంకా రాలేదు. దానికి మళ్లీ కుళ్ళాయప్పే అర్జీ పెట్టాలి.

మరునాడు ఆయన పన్నెండు పదహారుకు పంజరంలో ఉన్నాడు. ఆ మరునాడు పన్నెండు పన్నెండుకు. వినడం వదిలేద్దామంటే మిగిలింది నలభై రోజులే. కొత్తగా చేరినవాళ్ల చేతుల్లో పెడితే ఒక్క రోజుదైనా తప్పు రాసుకుంటారు. తలుపు వేసి గడియ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకోబోయేసరికి గోడ అవతల నుంచి అడుగుతాడు సుంకన్న, రోజూ, సరిగ్గా ఆ వేళకే.

"ఏమప్పా, నా మర తిరుగుతాందా?"

రాగి వల రేడియోను ఆపుతుంది గాని మనిషి గొంతును ఆపదు.

"తిరుగుతాంది," అంటాడు కుళ్ళాయప్ప.