బట్టలుతికే గదిలో రెండో గొంతు

మా వాటాల మేడ డాబా మీద బట్టలుతికే గది ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవ్వరూ వెళ్ళరు. ఆరేసిన దుప్పటి మర్చిపోతే మర్చిపోయినట్టే. రాత్రంతా మంచులో నానాల్సిందే, తెల్లారాకే తెచ్చుకుంటారు.

వెనకటికి అక్కడ పనిచేసినావిడ ఆ గదిలోనే పోయిందంటారు. నీళ్ళు రాని కుళాయి కింద ఇప్పటికీ ఎవరో బట్టలు పిండుతున్న చప్పుడు వస్తుందంటారు. 'తడిచేతులావిడ' అని పేరు పెట్టారు. మారాం చేసే పిల్లలకి ఆవిడ పేరు చెప్పే అన్నం తినిపిస్తారు. నేనూ తినిపించాను, అబద్ధమెందుకు.

కొన్నాళ్ళకి ఆ చప్పుడు పోయి మాటలు మొదలయ్యాయన్నారు. రెండు గొంతులు... ఒకటి సన్నగా, ఇంకోటి గరగరలాడుతూ.

ఇక్కణ్ణించి చెప్పేది మా పైవాటా బొత్తాలమ్మాయి నాకు చెప్పింది. అమ్మాయంటే చిన్నదేం కాదు, నలభైకి దగ్గర పడుతోంది. చొక్కాల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టులో బొత్తాలు కుడుతుంది. పెళ్ళీ పెటాకులూ లేవు, ఒంటి మనిషి. వాళ్ళక్క పోయాక అక్క కూతురు ఈవిడ దగ్గరికొచ్చింది.

తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి పోయిన నాటినుంచి మూగనోము పట్టినట్టే, ఒక్క మాట లేదు. 'పిన్నీ' అని కూడా పిలవలేదు. సాయంత్రం నా దగ్గర నాలుగు ముద్దలు తిని పైకెళ్ళి, పుస్తకంలో మొహం దాచుకునేది. ఆ పుస్తకాలన్నీ ఒకటే రకం, చిన్నారి మంత్రగత్తెల కథలు. చీపురెక్కి ఎగిరే పిల్లలు, మాట్లాడే పిల్లులు.

"అందులో ఏముందో నాకర్థం కాదు అమ్మమ్మా," అనేది బొత్తాలమ్మాయి. "మంత్రగత్తె అంటే మనం జడుసుకునేవాళ్ళం. ఇది పక్కలో పెట్టుకుని పడుకుంటుంది!"

నాకూ ఆశ్చర్యమే. ఒకటి అడిగి తెచ్చుకుని చదివాను. ఆ కథలో పిల్లనీ ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. అయితే ఆ పిల్ల అది తన తప్పనుకోదు. తనకింకా మంత్రం దొరకలేదంతే, అనుకుంటుంది. నా చిన్నప్పుడు ఈ మాట నాకెవరైనా చెప్పుంటే!

బడివాళ్ళు చేతులెత్తేశారు. "నోరు విప్పని పిల్లకి మేమేం చెప్పగలం? అలాంటివాళ్ళకి వేరే హాస్టలుంది. దూరమే అనుకోండి, పంపించెయ్యండి," అన్నారు.

బొత్తాలమ్మాయి పెట్టె సర్దింది. తెల్లారితే ప్రయాణం.

ఆ రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసుంది. మంచం ఖాళీ.

పెట్టె ఉంది. చెప్పులున్నాయి. పిల్ల లేదు... మూలనుండే చీపురూ లేదు.

వసారా చూసింది. మెట్ల కింద చూసింది. నా తలుపు కొట్టబోయి ఆగిందట. ఎందుకంటే, పైన ఎవరో నవ్వారు.

మెట్లెక్కింది. పైన దీపం లేదు. గోడ పట్టుకుని ఎక్కుతుంటే అరచేతికి చెమ్మ తగిలింది... చటుక్కున చెయ్యి లాక్కుంది.

గది తలుపు సందులో సన్నటి వెలుతురు. లోపల — మాటలు.

"రేపు పంపించేస్తోంది," అంది సన్నగొంతు.

"ఎవరు?" అంది గరగర గొంతు.

"పిన్ని."

"పిన్నికి నువ్వంటే ఇష్టం లేదా?"

చీపురు నేలకి రాసుకున్న చప్పుడు.

"తెలీదు. నేనెప్పుడూ అడగలేదు."

పిల్ల గొంతది! ఇన్నాళ్ళకి... మరి ఆ రెండోది ఎవరిది? తడిచేతులావిడ పిల్లని పట్టేసిందనుకుంది. అరిచి నన్ను పిలుద్దామనుకుంది. పారిపోదామనీ అనుకుందట, నా దగ్గర దాచలేదు.

పారిపోలేదు. సందులో కన్ను పెట్టింది.

బోర్లించిన బకెట్టు మీద పిల్ల కూర్చునుంది. ఒళ్ళో చీపురు, పక్కన టార్చి లైటు. చేతికి నల్ల మేజోడు తొడుక్కుంది, దానికి రెండు బొత్తాల కళ్ళు, పిల్లి చెవులు. వేళ్ళు కదిలించినప్పుడల్లా మేజోడు నోరు తెరుస్తోంది.

పిల్లి మాట్లాడుతోంది... పిల్ల గొంతుతో!

తలుపు తోసుకెళ్ళి వాటేసుకుని ఏడవాలనిపించిందట. కానీ గట్టిగా లాగితే దారం తెగుతుందని ఆవిడ చేతులకి తెలుసు. వేలి ముడుకుతో మెల్లగా తలుపు కొట్టింది.

టార్చి ఆరిపోయింది.

చీకటి.

"మంత్రాలు రానివాళ్ళకి... లోపల చోటుందా?" అంది గుసగుసగా.

కింద వీధిలో ఏదో బండి పోయింది. ఆవిడ అలాగే నిలబడింది.

చివరికి, గరగర గొంతు —

"చీపురు తెచ్చుకున్నావా?"

"లేదు. ఇంట్లో ఉన్న ఒక్కటీ నువ్వే ఎత్తుకొచ్చావు కదే!"

కిసుక్కున నవ్వు. నవ్వు మధ్యలోనే ఏడుపు. తలుపు తెరుచుకుంది. మేజోడు నేలమీద పడుంది. ఇక పిల్లి లేదు, పిల్ల మాత్రమే ఉంది.

"పిన్నీ... నన్ను పంపకు."

పొద్దున్నే పెట్టె విప్పేసి, బట్టలన్నీ బీరువాలో పెట్టేసింది బొత్తాలమ్మాయి. పిల్ల బడిలో ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది. మరీ అవసరమైతే పిల్లి చెబుతుంది. టీచరమ్మ కూడా ఇప్పుడు పాఠం పిల్లినే అడుగుతోందట.

గదికి మాత్రం చెడ్డపేరు పోలేదు. మేమే పోనివ్వలేదు. పోతే అందరూ బకెట్లు పట్టుకొచ్చేస్తారు, పాపం రాత్రిళ్ళు అక్కడ చేరే పిన్నీ పిల్లా ఎక్కడికి పోతారు?

మొన్న కిందవాటా లారీ డ్రైవరు అటూ ఇటూ చూసి నా చెవిలో చెప్పాడు.

"అమ్మమ్మా, జాగ్రత్త. పైన ఇంకోటి చేరింది. అన్నిట్లోకీ అదే ఘోరం. ముసలి గొంతు... ఒక్కో అక్షరం నములుతూ, 'మం... త్ర... గ... త్తె...' అంటోంది. నాకు చలిజ్వరం పట్టుకుంది!"

"అయ్యో నాయనా! అటు వెళ్ళకు," అన్నాను.

ఇంకేం చెప్పను? అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. పైకి గబగబా చదవమంటే నావల్ల అవుతుందా? కళ్ళజోడైనా మార్చుకుందామనుకుంటుంటే పిల్ల ఒప్పుకోవడం లేదు.

"వద్దు అమ్మమ్మా, అలాగే చదువు," అంటోంది. "భయమేసి బాగుంటుంది."