పెద్దాయన సూచించారు

కాదు మనవరాలా, 'ఆదేశించాడు' అని రాయకు. కొట్టెయ్. ఆ గూఢచారుల ఆఫీసులో ఎవరూ ఎవర్నీ ఆదేశించరు. 'సూచించాడు' అని రాయి. తొందరేం లేదు, నిదానంగానే చెప్తా.

మూడో అంతస్తులో, ఫ్యాను తిరగని గదిలో, పెద్దాయన ఒక ఫోటోని బోర్లా పెట్టి ఏజెంటు వైపు జరిపాడు. "సెంటావిడ బాగా అలిసిపోయిందయ్యా. ఇక విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమో" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

సెంటావిడ డబుల్ ఏజెంట్. శత్రుముఠాలో తిరుగుతూ ఈ ఆఫీసుకి కబుర్లు చేరవేసేది. ఆవిడకంటే ముందు ఆవిడ సెంటు వాసన గదిలోకొచ్చేది.

ఏజెంటుకి విషయం అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా వింటున్న మాటలే. చెప్తే, నేరం చెప్పినవాడి మీద ఉంటుంది. సూచిస్తే, విన్నవాడి మీద పడుతుంది. అందుకే రిజిస్టరులో ఎప్పుడూ ఒకటే రాత: 'పెద్దాయన సూచించారు.' కింద ఏజెంటు సంతకం.

కుళాయిలు బాగుచేసేవాడి వేషంలో, పానాల సంచీతో, ఎప్పుడూ వదలని గొడుగుతో హోటలు మెట్లెక్కాడు. గొడుగు పిడిలో టేపురికార్డరు, కొసన విషపు సూది. మోకాళ్ళు ఒకటే పీకుతున్నాయి.

"కుళాయి కారుతోందన్నారు?"

"కారేది కుళాయి కాదు, పైకప్పు."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. బల్ల మీద కాఫీ పొగలు కక్కుతోంది. ఆవిడ గొడుగు వంక చూసి నవ్వింది.

"వానా లేదు, మబ్బూ లేదు. గొడుగు నాకోసమేనా?"

ఆయన పానాల సంచీ కింద పెట్టాడు.

"చంపమని చెప్పాడా, సూచించాడా?"

"సూచించాడు."

"అదిగో ఫోను. సూటిగా అడుగు. నోరు తెరిచి చంపమంటే నేనే మెడ చాపుతా."

ఇన్నేళ్ళలో అలా అడగాలని ఆయనకి తోచనే లేదు. గొడుగు పిడి రిసీవరుకి ఆనించి నంబరు తిప్పాడు.

"సార్, ఆవిణ్ణి చంపమంటారా?"

అటునుంచి దగ్గు. "అదేం ప్రశ్నయ్యా! సూచించాను కదా."

"సూచించారు. చెప్పలేదు. చెప్పండి."

"నీకేమన్నా కొత్తా?"

"పాతబడిపోయాను సార్, చెవులు పనిచెయ్యట్లేదు. చంపాలా, వద్దా?"

"చంపవయ్యా బాబూ! రెండింటిలోపు ఆవిడ నోరు మూయించు!"

పెద్దాయన ఫోను పెట్టేశాడు. ఆ అరుపు ఆవిడకీ వినిపించింది. గోడగడియారంలో ఒంటిగంటా నలభై.

"రెండింటికి ముఠావాళ్ళ పేర్లు ఎవరో మంత్రిగారికి ఇస్తున్నారని ముఠా నాయకుడొక్కడి చెవినే వేశాను, ఎవరిదాకా పోతుందో చూద్దామని" అంది ఆవిడ నీరసంగా. "రెండింటిలోపు అన్నాడంటే, పోయి పోయి మీ పెద్దాయన దగ్గర తేలింది. ముఠాకి అమ్ముడుపోయింది ఆయనే." కప్పు ఎత్తింది.

"కాఫీ ఎవరు తెచ్చారు?"

"మీ ఆఫీసు మనిషేనట."

కప్పు పెదాలకి తగలబోతుండగా గొడుగుతో కప్పు మీద ఒక్కటిచ్చాడు. కాఫీ పడినచోట తివాచీ బుసబుసా పొంగింది.

"పెద్దాయన ఒక్కడికే సూచించి ఊరుకునే రకం కాదు" అన్నాడు ఏజెంటు.

సరిగ్గా రెండింటికి ఆ పేర్లతో పాటు టేపు కూడా మంత్రిగారికి చేరింది. నాలుగయ్యేసరికి మూడో అంతస్తు గదికి తాళం పడింది. సాయంత్రం ఏజెంటు రిజిస్టరు తెరిచి, 'పెద్దాయన చెప్పారు. నేను చెయ్యలేదు' అని రాసి, ఉద్యోగం మానేశాడు.

అంతేనమ్మా. ఇది మీ నానమ్మకి ఫోన్లో చదివి వినిపించు. నామీద అలిగి చెల్లెలింటికి వెళ్ళి పదిరోజులైంది. సెంటు సీసా ఇక్కడే మరిచిపోయింది, ఇల్లంతా అదే వాసన. ఇంటికొస్తే బాగుంటుందని తాతయ్య సూచించాడనకు. రమ్మన్నాడని చెప్పు.