పావురాన్ని చెరిపేయండి

"ఈ సాయంత్రం ఆరింటికి మన మనిషిని చంపబోతున్నారు," అన్నాడు చీఫ్, వేలాడుతున్న ఇస్త్రీ బట్టల మధ్య నుంచి తల బయటపెట్టి.

డిపార్ట్‌మెంట్ బ్రీఫింగులన్నీ ఆ లాండ్రీ వెనక గదిలోనే జరుగుతాయి. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ కోడ్‌నేమ్ శొంఠికొమ్ము. పెళ్లి లేదు, చుట్టాల్లేరు, ఫోన్ చేసే దిక్కు లేదు. ఒంటికాయ శొంఠికొమ్ము అని చీఫే వేళాకోళానికి పెట్టాడు. ఫైల్లోకి ఎక్కిన పేరు ఇక దిగలేదు.

"ఎవర్ని సార్?"

"పక్కిల్లుని."

శొంఠికొమ్ము ఒక్క అడుగు ముందుకేశాడు. పక్కిల్లు అంటే విదేశీ ముఠాలో వాళ్ల మనిషిలా నటిస్తూ పనిచేస్తున్న మన ఏజెంట్. ఆ ముఖం అతను చూడలేదు, గొంతు వినలేదు. అది రూలు. ఉన్న లింకల్లా కంప్యూటర్లో పావురం బొమ్మ ఉన్న ఒక చిన్న ప్రోగ్రామ్. మూడేళ్లుగా రోజూ అందులో ఒకటే ప్రశ్న వస్తుంది: 'భోంచేశావా?' జవాబు 'ఇప్పుడే' అయితే క్షేమం. 'ఇంకా లేదు' అయితే ప్రాణాపాయం. ఆ మాట పడగానే అవతలివాళ్లు తప్పుకోవాలి, డిపార్ట్‌మెంట్ తుపాకులు పట్టుకుని పరిగెత్తాలి.

అంతా కోడే. అది అతనికీ తెలుసు. కానీ లోకంలో అతన్ని ఆ మాట అడిగేది ఆ పావురం ఒక్కటే.

"మన గూఢచారి ఉన్నట్టు ముఠా కనిపెట్టింది. ఎవరో తెలీదు," అన్నాడు చీఫ్. "అందుకని ముఠాలో అందరికీ నా పేరుతో దొంగ కబురు పంపారు. రేవు దగ్గర కెఫేలో మూల టేబుల్ దగ్గర కూర్చోమని. కూర్చున్నవాళ్లని కాల్చేస్తారు. నువ్విప్పుడే పావురంలో 'ఇంకా లేదు' కొట్టు."

"కొట్టలేను సార్. నిన్న పావురాన్ని చెరిపేశాను."

చీఫ్ దగ్గాడు. "ఆ మెయిల్ చూసేనా?"

"మీక్కూడా వచ్చిందా సార్?"

"నేనూ చెరిపేశాను. బ్రాంచీలన్నిటికీ ఫార్వర్డ్ చేశాను. మా వియ్యంకుడిక్కూడా."

మెయిల్ పంపింది మేడమ్. డిపార్ట్‌మెంట్ ఏరికోరి పెట్టుకున్న డబుల్ ఏజెంట్, నిజానికి ముఠా మనిషేనని ఇప్పుడు తేలింది. ఆవిడ నవ్వితే చీఫ్ బ్రీఫింగ్ మధ్యలో మాట మరిచిపోతాడు. 'జాగ్రత్త! పావురం బొమ్మ ఉన్న ఫైలు భయంకరమైన వైరస్. ఏ యాంటీ వైరస్సూ పట్టుకోలేదు. వెంటనే చెరిపేయండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. మీకు ఇష్టమైనవాళ్లందరికీ చెప్పండి.'

టీ కప్పులో విషం ఉందేమోనని కెమికల్ స్ట్రిప్ ముంచి చూసే మనిషి శొంఠికొమ్ము. అలాంటివాడు ఒక్క మెయిల్‌కి బోల్తా పడ్డాడు. ఎందుకంటే, తనకి జాగ్రత్త చెప్పినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు.

"ఇష్టమైనవాళ్లంటే నాకున్నది ఒక్కరే సార్," అన్నాడు నెమ్మదిగా. "చెరిపేముందు ఆ పావురంలోనే పక్కిల్లుకి చెప్పాను. నువ్వూ చెరిపేయమని."

చీఫ్ నెత్తి కొట్టుకున్నాడు. కొత్త పావురం రేపటికి గాని తయారవదు.

ఆరు కావస్తోంది. కెఫే కిటకిటలాడుతోంది. అతికించిన మీసంతో, సర్వర్ వేషంలో, చొక్కా గుండీలో మైక్ పెట్టుకుని శొంఠికొమ్ము ట్రే పట్టుకుని నిలబడ్డాడు. మూల టేబుల్ ఖాళీగా ఉంది. కిటికీ దగ్గర నల్ల కళ్లద్దాలతో మేడమ్. పక్కనే ఒళ్లో పేపరు పరిచి, దాని కింద చెయ్యి దాచుకున్న కోటు మనిషి.

ఇంతమందిలో పక్కిల్లు ఎవరు? టోపీ పెట్టుకున్న ఆయనా? గొడుగు పట్టుకున్న పెద్దాయనా? రోజూ పలకరించుకునే మనిషి ఎదురుగా ఉన్నా పోల్చుకోలేకపోతున్నందుకు అతనికి ఏడుపొచ్చింది.

టోపీ ఆయన లేచాడు. చేతిసంచీ ఉన్న ఒకావిడ కూడా లేచి మూల టేబుల్ దాకా వెళ్లి కుర్చీ మీద చెయ్యి వేసింది. కోటు మనిషి ఒళ్లో పేపరు కదిలింది.

"ఏమయ్యా సర్వర్!" అని అరిచాడు ఆకలితో ఉన్న ఓ లావుపాటి మనిషి. "భోజనం రెడీయేనా?"

శొంఠికొమ్ముకి ప్రాణం లేచొచ్చింది. ట్రే వదిలేసి గొంతు చించుకున్నాడు.

"ఇంకా లేదు! ఎవరికీ లేదండీ! ఇంకా లేదు!"

"లేకపోతే లేదు, అలా అరుస్తావేంటి?"

జనం గొణుక్కుంటూ లేచారు. టోపీ ఆయన, సంచీ ఆవిడ, గొడుగు పెద్దాయన, ఇంకా చాలామంది విసుగ్గా బయటికి నడిచారు. గోడ గడియారం ఆరు కొట్టింది. మూల కుర్చీలో ఎవరూ లేరు.

"సర్వర్, మీసం ఊడుతోంది," అంది మేడమ్.

"ఒక్క వైరస్ కూడా లేకుండా మమ్మల్ని పడగొట్టారు మేడమ్."

"వైరస్ రాయడం నాకు రాదు. 'జాగ్రత్త' అని రాయడం వచ్చు. మిగతాదంతా మీ చేతులతో మీరే చేసుకున్నారు."

"ఇంకోసారి చెప్తారా? గుండీకి సరిగా వినిపించినట్టు లేదు."

ఆవిడ కళ్లద్దాలు తీసేలోపే పక్క టేబుల్ దగ్గరున్న డిపార్ట్‌మెంట్ మఫ్టీ మనుషులు లేచారు. కోటు మనిషి చెయ్యి పేపరు కిందే దొరికిపోయింది.

మర్నాడు సాయంత్రం శొంఠికొమ్ము గదిలో కంప్యూటర్ మీద కొత్త పావురం వాలింది. మొదటి కబురు పక్కిల్లుదే.

'నువ్వు చెప్పావని చెరిపేశాను. ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.'

నమ్మేదాన్ని. అతను ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. అయితే సంచీ ఆవిడ! తను ఆసాంతం టోపీ ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ముఖం ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు.

మళ్లీ రెక్కల చప్పుడు.

'భోంచేశావా? ఇది కోడ్ కాదు. ఊరికే అడుగుతున్నాను.'

అతను వెలిగించని పొయ్యి వైపు చూశాడు. బోర్లించిన ఒక్క కంచం వైపు చూశాడు. ఇన్నేళ్లూ కడుపు ఖాళీగా ఉన్నా 'ఇప్పుడే' అనే కొట్టాడు. ఈవిడకి మాత్రం అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

'ఇంకా లేదు,' అని కొట్టాడు.

కాసేపటికే తలుపు విరిగిపడింది. పిస్టల్ పట్టుకుని చీఫ్, వెనక నలుగురు ఏజెంట్లు, అందరూ రొప్పుతున్నారు.

"ఎక్కడ వాళ్లు?"

"ఎవరూ లేరు సార్. వచ్చారు కదా, కూర్చోండి," అన్నాడు శొంఠికొమ్ము పొయ్యి వెలిగిస్తూ. "కంచం మాత్రం ఒక్కటే ఉంది. సర్దుకోవాలి."