ఇక్కడే తినాలి

పొద్దున ఆరింటికి టీచరు వంటింట్లో బ్రెడ్డు ముక్కలకు వెన్న రాస్తోంది. ఆమె తరగతిలో ముప్పై మంది పిల్లలు. వాళ్లలో చాలామంది ఇళ్లలో పొద్దున పొయ్యి వెలగదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆ సంగతి తెలిసింది. అప్పటినుంచి రెండో పీరియడు అయ్యాక తలా ఒక పొట్లం ఇస్తుంది. రెండు ముక్కలు, ఒక అరటిపండు. అందరికీ ఇస్తే ఎవరు ఆకలితో వచ్చారో బయటపడదు.

నియమం ఒక్కటే. ఆమె కళ్లముందు, తరగతిలోనే తినాలి. సంచిలో పెట్టుకోకూడదు. దారిలో ఎవరైనా లాక్కుంటారని మొదట్లో పెట్టిన నియమం అది.

బస్సు డ్రైవరుగా పనిచేసే భర్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు.

"టీచరుగారూ, హాజరు పట్టీలో నా పేరు లేదా? రెండు ముక్కలు ఇటు పడేయండి."

"మీకు చేతులున్నాయిగా, రాసుకోండి."

"వాడికి పుట్టినప్పుడు నోరొక్కటే వచ్చిందే. చేతులు ఇంకా రాలేదు," అని గదిలోంచి అత్తగారు అంది.

మాటలో ఓపిక ఉంది కానీ మనిషి రెండు నెలలుగా చిక్కిపోతోంది. ఖాళీ కడుపున మాత్రలు వేసుకోవద్దని డాక్టరు చెప్పాడు. టీచరు రోజూ కంచంలో నాలుగు ముక్కలు పెట్టి వెళ్తుంది. వచ్చేసరికి కంచం ఖాళీగా ఉంటుంది.

ఆ రోజు భర్త వెళ్లాక, అత్తగారికి కంచం ఇచ్చి, కాసేపటికి దుప్పటి మార్చడానికి ఆమె దిండు ఎత్తింది. కింద కాగితం పొట్లం. అందులో రెండు ముక్కలు.

"ఏమిటిది అత్తయ్యా?"

"తర్వాత తిందామని."

"తర్వాతా? అందుకేనా ఇలా అయిపోతున్నారు? కళ్లు తిరిగి పడితే కోడలు తిండి పెట్టలేదంటారు. చంటిపిల్లలా దాచుకోవడమేంటి? తింటే నా ఎదురుగా ఇక్కడే తినండి. లేకపోతే కంచంలో పెట్టేయండి."

అత్తగారు ముక్కలు రెండూ కంచంలో పెట్టింది. పక్కమీద రాలిన పొడిని కొంగుతో తుడిచింది.

టీచరు మంచం పట్టెమీద కూలబడింది.

"ఏమైందే? తిట్టిందీ నువ్వే, ఏడుస్తున్నదీ నువ్వే."

"ఇదే మాట అన్నాను అత్తయ్యా. నాలుగేళ్ల కింద. ఒక పిల్లని."

ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. మూడో బెంచీ పిల్ల. ఒక ముక్క తిని, రెండోది సంచిలో దాచుకుంటుంటే టీచరు పట్టుకుంది. తింటే ఇక్కడ తిను, లేకపోతే పొట్లాల డబ్బాలో పెట్టెయ్ అని అందరిముందూ అంది. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల వచ్చి ముక్క డబ్బాలో పెట్టింది. మూతమీద రాలిన పొడిని గౌను అంచుతో తుడిచి వెళ్లింది. మర్నాటినుంచి బడికి రాలేదు. నెల తర్వాత పక్కింటివాళ్లు చెప్పారు, తల్లి మంచంలో ఉందని. ముక్క ఆవిడకోసమట. అప్పటికే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో తెలియలేదు.

"వెన్న రాస్తుంటే రోజూ ఆ చెయ్యే కనిపిస్తుంది. పాఠం చెబుతుంటే ఆ బెంచీవైపు చూడలేను."

"మరి ఆ నియమం ఇంకా ఎందుకుంచావు?"

"తీసేస్తే ఆ రోజు తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు అవుతుందని."

అత్తగారు కోడలి వీపుమీద చెయ్యి వేసింది.

"సాయంత్రం టీతో నీకిచ్చే బ్రెడ్డు ఎక్కడిదనుకున్నావే?"

టీచరు తలెత్తింది.

"ఊళ్లో పిల్లలందరికీ కడతావు. నువ్వేమో మంచినీళ్లు తాగి పోతావు. అది చూస్తూ నాలుగూ నేనే తినాలంటే నాకు దిగుతుందా?"

"అత్తయ్యా, మీరు నాకోసం..."

"మరి పొరుగింటివాళ్లకోసమా? తీసుకో. మాట్లాడితే మళ్లీ దిండు కింద పెడతా."

ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఆ రోజు టీచరు బడికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది.

రెండో పీరియడు అయింది. పొట్లాలు పంచింది. అలవాటుగా పిల్లలు ఆమె ముఖంవైపు చూశారు.

"ఇన్నాళ్లూ ఇక్కడే తినాలని చెప్పాను. అది నా తప్పు. ఇవాళ్టినుంచి మీ ఇష్టం. ఇక్కడ తినొచ్చు. ఇంటికి తీసుకెళ్లొచ్చు."

ఎవరూ కదల్లేదు. క్లాసు లీడరు లేచి నిలబడింది.

"నిజంగానా టీచర్? తర్వాత తిట్టరుగా?"

"తిట్టనమ్మా."

ముందు బెంచీలో ఒక పిల్ల ఒక ముక్క తిని, రెండోదాన్ని కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది. పక్కనున్నవాడు పండు పెట్టుకున్నాడు. గోడపక్క కూర్చున్నవాడు పొట్లం విప్పనేలేదు, అలాగే లోపల పెట్టి జిప్పు లాగాడు. ఆ తర్వాత గదంతా జిప్పుల చప్పుడే.

టీచరు లెక్కపెట్టింది. పంతొమ్మిదో సంచి దగ్గర ఆపేసింది.

పిల్లలకు ముఖం కనపడకుండా బోర్డువైపు తిరిగి, సుద్దముక్క తీసుకుని తేదీ రాసింది. తేదీ అప్పటికే రాసి ఉంది. దాని కింద మళ్లీ రాసింది.